మట్టి నమూనా ఫారమును కంప్యూటరులో నింపదగు పత్రముగా మార్చుట

మట్టి పరీక్ష ఫలితము రెండింటిపై ఆధారపడి యుండును. ఒకటి సంచిలోని మట్టి, రెండవది ఆ సంచితో పోవు కాగితము. మట్టిని ఎట్లు తీయవలెనో మన రైతులలో చాలమందికి ఇప్పుడు తెలియును. గట్లకు, చెట్ల నీడకు, పెంటకుప్పలకు దూరముగా, పొలములో పలుచోట్ల వి ఆకారముగా గుంట తీసి, 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టిని సేకరించి, కలిపి, నాలుగు భాగములు చేసి ఎదురెదురు భాగములను తీసివేయుచు, చివరకు అర కిలో మిగుల్చుకొందురు. ఇంత శ్రమపడి తీసిన మట్టికి జతచేయు కాగితమును మాత్రము గట్టుమీద నిలబడి, మోకాలిపై పెట్టుకొని, రెండు నిమిషములలో గీకి పంపుచున్నాము. ఈ వ్యాసము ఆ కాగితమును గూర్చినది.

నా అనుభవమునే చెప్పెదను. మూడేండ్ల క్రిందట ఖరీఫుకు ముందు ఒక గ్రామములో నేనే స్వయముగా నమూనాల ఫారములను వ్రాసితిని. ఒక రైతు సర్వే నంబరు 71-2. నేను 7 అంకెకు అడ్డగీత పెట్టలేదు. టైపు చేసినవారు దానిని 11-2 అని చదివిరి. ఆ ఊరిలో 11-2 కూడ ఉన్నది. అదియే పేరు, అదియే ఇంటిపేరు గల మరొక రైతు దానిని సాగుచేయుచున్నాడు. అందువలన తప్పు ఎవరికిని కనబడలేదు. చౌడు నేలకు రావలసిన కార్డు ఎర్ర నేల రైతు చేతికి పోయినది. అతడు అవసరము లేని జిప్సమును కొని చల్లెను. అసలు చౌడు నేల రైతు కార్డుకై ఎదురుచూచి, చివరకు జిప్సము వేయకయే నాటు వేసెను. ఆ చౌడు తావులో నారు కుదురుకొనలేదు. నేను తప్పు ఒప్పుకొన్నప్పుడు ఆ రైతు కోపపడలేదు. "సార్, మీ చేతిరాత నా తలరాతయి కూర్చున్నది" అని మాత్రము అన్నాడు. ఆ మాట నాకు నేటికిని మరపు రాలేదు.

2015వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన భూసార కార్డుల పథకము క్రింద నేలలోని 12 అంశములను పరీక్షించి కార్డుపై ఇచ్చుట జరుగుచున్నది. ఉదజని సూచిక, లవణముల పరిమాణము, సేంద్రియ కర్బనము, నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను అనునవి ఆ 12. ఈ అంకెలన్నియు నిజమే కావచ్చును. కాని కాగితముపై సర్వే నంబరు తప్పినచో అవి వేరొకరి పొలమును గూర్చిన నిజములగును.

ఆ సంఘటన తరువాత మేము మా ఫారమును కంప్యూటరులోనే నింపదగు పత్రముగా మార్చుకొంటిమి. ఆ పద్ధతిని గ్రామ సచివాలయములలోను, రైతు సేవా కేంద్రములలోను పనిచేయువారికి, కంప్యూటరు తెలిసిన రైతు యువకులకు ఉపయోగపడునట్లు ఇచ్చట వివరించుచున్నాను.

నింపదగు పత్రమనగా నేమి?

మనము సాధారణముగా ఫారమును కంప్యూటరులో టైపు చేసి, ప్రింటు తీసి, జిరాక్సులు చేయించి, చేతితో నింపుదుము. టైపు చేసిన ఆ ఫైలునే వాట్సాప్‌లో పంపి "నింపి పంపుడు" అన్నచో ఏమగునో అందరికి తెలిసినదే. ఒకరు చుక్కల గీతను చెరిపివేయుదురు. ఒకరు టైపు చేయగా ప్రక్క వరుస క్రిందికి జారును. మరియొకరు ప్రశ్ననే మార్చివేయుదురు. పది మంది నింపినచో పది విధముల ఫారములు తిరిగివచ్చును.

నింపదగు పత్రములో ప్రశ్నలు కదలవు. జవాబు వ్రాయవలసిన చోట మాత్రమే గడులుండును. ఆ గడిలో మౌస్‌తో నొక్కి టైపు చేయవచ్చును. మిగిలిన పత్రమును ముట్టుకొన వీలులేదు. ఇట్టి పత్రములకు పిడిఎఫ్ అను రూపము అనుకూలమైనది. దీనిని అడోబి సంస్థ 1993లో ప్రవేశపెట్టినది. 1996లో దానిలో నింపుడు గడులకు వీలు కల్పింపబడినది. 2008లో అది అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపు పొందినది. అందుచేత ఏ కంపెనీ కంప్యూటరులో తెరచినను పత్రము ఒకే విధముగా కనబడును.

ముందు కాగితముపై చేయవలసిన పని

విత్తుటకు ముందు దుక్కి ఎట్లో, గడులు పెట్టుటకు ముందు ప్రశ్నలను సరిచేసికొనుట అట్లు. చెడ్డ ఫారమును కంప్యూటరులోనికి ఎక్కించినంత మాత్రమున మంచి ఫారము కానేరదు. కావున మొదట పాత ఫారమును ముందు పెట్టుకొని, ఎరుపు పెన్నుతో ఈ క్రింది విషయములను పరిశీలింపవలెను.

మొదటిది, ఒక్కొక్క విషయమునకు ఒక్కొక్క గడి యుండవలెను. మా పాత ఫారములో "సర్వే నంబరు, విస్తీర్ణము" అని ఒకే గీత యుండెను. దానిపై కొందరు "71-2, 2.20" అని, కొందరు "2.20 - 71/2" అని వ్రాసెడివారు. ఏది నంబరో, ఏది విస్తీర్ణమో చదువువాడే ఊహింపవలసి వచ్చెడిది. ఇప్పుడు నంబరుకు ఒక గడి, సబ్ డివిజనుకు ఒక గడి వేరువేరుగా పెట్టితిమి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన రీసర్వే పూర్తియైన గ్రామములలో పాత సర్వే నంబర్లకు బదులు ఎల్.పి.ఎం. నంబర్లు వచ్చినవి. కావున వ్రాసినది ఏ రకపు నంబరో తెలుపుటకు ప్రక్కన రెండు టిక్కు గడులు కూడ అవసరము.

రెండవది, కొలతను ప్రశ్నలోనే చెప్పవలెను. 2.20 అను అంకెనే చూడుడు. కోస్తా, రాయలసీమ జిల్లాలలో దీనిని 2 ఎకరముల 20 సెంట్లు అని చదువుదురు. తెలంగాణలో 2 ఎకరముల 20 గుంటలు అందురు. ఎకరమునకు 100 సెంట్లు, 40 గుంటలు. కావున మొదటిది 2.2 ఎకరములు, రెండవది రెండున్నర ఎకరములు. తేడా 30 సెంట్లు. ఎకరమునకు ఒక బస్తా చొప్పున యూరియా లెక్క కట్టినచో, 45 కిలోల బస్తాపై సుమారు పదమూడున్నర కిలోల తేడా వచ్చును. ఒక చుక్క వలన కలిగిన తేడా ఇది. అందుచేత "ఎకరములు" అని ఒక గడి, "సెంట్లు" అని ఒక గడి పెట్టవలెను. గుంటల లెక్క వాడుక గల ప్రాంతములలో రెండవ గడిపై "గుంటలు" అని వ్రాయవలెను. చుక్కకు చోటే ఇవ్వరాదు.

మూడవది, తేదీ. 05-06 అని వ్రాసినచో మే నెలయా, జూను నెలయా? రోజు, నెల, సంవత్సరము అని మూడు గడులు పెట్టినచో ఈ సందేహము ఉండదు.

నాల్గవది, జవాబులు పరిమితముగా నున్నచోట వ్రాయించుట మాని టిక్కు పెట్టించవలెను. నీటి వసతి అనగా కాలువ, చెరువు, బోరు, వర్షాధారము - అంతే కదా. నేల అనగా నల్ల నేల, ఎర్ర నేల, ఇసుక నేల, చౌడు. వీనిని వ్రాయమన్నచో ఒకరు "బోరు" అని, ఒకరు "బావి" అని, ఒకరు "కరెంటు మోటారు" అని వ్రాయుదురు. మూడును ఒకటేనా కాదా అని తరువాత తల పట్టుకొనవలసి వచ్చును. జాబితా చివర "ఇతరము" అను గడిని మరువరాదు.

ఐదవది, అవసరము లేనిదానిని అడుగరాదు. మట్టి సంచికి అంటించు కాగితముపై బ్యాంకు ఖాతా నంబరెందుకు? పై కార్యాలయము వారు కోరనప్పుడు ఆధార్ నంబరెందుకు? పాత ఫారములలో ఎవరో ఎప్పుడో చేర్చిన ప్రశ్నలు అట్లే కొనసాగుచుండును. అడిగిన ప్రతి అంకెను కాపాడు బాధ్యత మనపై పడునని గుర్తుంచుకొనవలెను.

కావలసిన సామగ్రి

ఒక కంప్యూటరు, దానిలో లిబ్రె ఆఫీస్ అను సాఫ్టువేరు చాలును. 2010లో ఏర్పడిన డాక్యుమెంట్ ఫౌండేషన్ వారు దీనిని వెలువరించుచున్నారు. దీనికి వెల లేదు. ఎన్ని కంప్యూటర్లలోనైనను పెట్టుకొనవచ్చును. దీనిలోని రైటర్ అను భాగము వర్డు వంటిదే. వర్డులో టైపు చేసిన పాత ఫారములను గూడ ఇది తెరువగలదు. మెనూలు తెలుగులోను లభించును గాని, చాలమంది ఇంగ్లీషు మెనూలకు అలవాటుపడి యుండుటచే ఆ పేర్లనే తెలుగు లిపిలో ఇచ్చుచున్నాను.

తెలుగు అక్షరముల సంగతి

ఇచ్చట ఒక చిక్కు కలదు. మన ప్రెస్సులలోను, డి.టి.పి. కేంద్రములలోను ఎక్కువగా అను ఫాంట్లతో తెలుగు టైపు చేయుదురు. పాత ఫాంట్లతో చేసిన ఫైలు, ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరచినచో అర్థము లేని ఇంగ్లీషు గుర్తులుగా కనబడును. అట్టి ఫారమైనచో దానిని యూనికోడులో తిరిగి టైపు చేయించుకొనుట మేలు. ఒక పుటయే కదా, అర గంట పని. విండోస్‌తో వచ్చు గౌతమి, నిర్మల ఫాంట్లు గాని, ఉచితముగా లభించు మండలి వంటి ఫాంట్లు గాని దీనికి పనికివచ్చును.

రెండవ చిక్కు మరింత సూక్ష్మమైనది. ప్రశ్నలు పుటపై అచ్చు వలె నిలిచి యుండును గనుక అవి సరిగనే కనబడును. కాని గడిలో నింపువారు తెలుగులో టైపు చేసినప్పుడు, పిడిఎఫ్ తెరచు సాఫ్టువేర్లలో కొన్ని ఒత్తులను, గుణింతములను సరిగా అతికింపలేవు. "కృష్ణ" అని టైపు చేసినది ముక్కలుగా విడిపోవచ్చును. ఎంచుకొను జాబితాలోని తెలుగు మాటలకును ఇదే గతి పట్టవచ్చును. దీనికి మేము కనుగొన్న ఉపాయము సులభమైనది. ప్రశ్నలు, జవాబుల పేర్లు అన్నియు పుటపైననే తెలుగులో అచ్చు వేయవలెను. గడులలో అంకెలు లేక టిక్కులు మాత్రమే పడునట్లు చూడవలెను. రైతు పేరు, తండ్రి లేక భర్త పేరు మాత్రము ఇంగ్లీషు పెద్ద అక్షరములలో టైపు చేయవలెనని ప్రశ్న ప్రక్కన వ్రాయవలెను. ఇట్లు చేసినచో చదువుటకు తెలుగు ఫారమే, నింపుటకు చిక్కు లేదు.

తయారు చేయు విధానము

1. పాత ఫారమును రైటర్‌లో తెరచి, వేరొక పేరుతో భద్రపరచుకొనవలెను. అసలు ఫైలును చెడగొట్టుకొనరాదు.

2. చుక్కల గీతలను, అడ్డగీతలను తీసివేసి, రెండు నిలువు వరుసలు గల పట్టికను పెట్టవలెను. ఎడమ వరుసలో ప్రశ్న, కుడి వరుసలో జవాబు గడి. పట్టిక లేనిచో గడులు వంకరటింకరగా నుండును. నారుమడిని త్రాడు పట్టి కట్టినట్లు, ఇచ్చట పట్టికయే మనకు త్రాడు.

3. పైనున్న మెనూలలో ఫారం అను దానిని నొక్కి, డిజైన్ మోడ్‌ను పెట్టవలెను. గడులను పెట్టుట, జరుపుట, సరిచేయుట ఈ స్థితిలోనే సాధ్యము.

4. అదే మెనూలో టెక్స్ట్ బాక్స్‌ను ఎంచి, కుడి వరుసలో మౌస్‌తో లాగి గడిని గీయవలెను. టిక్కు గడులకు చెక్ బాక్స్‌ను ఎంచవలెను. చెక్ బాక్స్ ప్రక్క దానంతట అది వచ్చు ఇంగ్లీషు మాటను తుడిచివేసి, మన తెలుగు మాటను పట్టికలోనే టైపు చేయవలెను.

5. ప్రతి గడిపై రెండుసార్లు నొక్కినచో దాని లక్షణముల పట్టిక తెరచుకొనును. అందు నేమ్ అనుచోట గడికి ఒక పేరు పెట్టవలెను. ఈ పేరు ఇంగ్లీషు అక్షరములలో, మధ్య ఖాళీ లేకుండ నుండుట మంచిది. దానంతట అది వచ్చు "టెక్స్ట్ బాక్స్ 1, 2, 3" అను పేర్లను అట్లే వదిలినచో, తరువాత ఏది దేనిదో మనకే తెలియదు.

6. మాక్స్ టెక్స్ట్ లెంగ్త్ అనుచోట ఎన్ని అక్షరములు పట్టవలెనో చెప్పవచ్చును. సెల్ నంబరుకు 10, పిన్‌కోడుకు 6, సెంట్లకు 2, సంవత్సరమునకు 4. పదకొండవ అంకెను కొట్టినను గడి దానిని తీసికొనదు. ఒక అంకె ఎక్కువ పడు తప్పు దీనితో పోవును. ఒక అంకె తక్కువైనచో మాత్రము ఇది పట్టుకొనలేదు. దానిని మనము కంటితో చూడవలసినదే.

7. హెల్ప్ టెక్స్ట్ అనుచోట చిన్న సూచనను వ్రాయవచ్చును. మౌస్‌ను ఆ గడిపై ఉంచినప్పుడు ఆ సూచన కనబడును. ఉదాహరణకు సర్వే నంబరు గడికి "పాస్‌బుక్కు చూచి వ్రాయుడు" అని పెట్టవచ్చును. జ్ఞాపకముపై ఆధారపడి నంబరు చెప్పు రైతులు చాలమంది కలరు. వారి జ్ఞాపకములో చాల సందర్భములలో తాతగారి నాటి నంబరే యుండును.

8. గ్రామము, మండలము, జిల్లా ఒక కేంద్రము వారికి మారవు. ఈ పేర్లకు గడులు పెట్టక పుటపైననే అచ్చు వేసినచో ప్రతిసారి టైపు చేయు పని తప్పును.

9. గడి లక్షణములలో యాంకర్ అనునది యున్నది. దానిని యాజ్ క్యారెక్టర్ అని మార్చినచో గడి పట్టికలోని తన చోటును అంటిపెట్టుకొని యుండును. లేనిచో పైన ఒక వరుస చేర్చగానే క్రింది గడులు వేరొక ప్రశ్న ఎదుటకు చేరవచ్చును.

10. ట్యాబ్ మీటను నొక్కుచు పోయినప్పుడు గడులు ఏ వరుసలో రావలెనో ఫారం మెనూలోని యాక్టివేషన్ ఆర్డర్‌లో సరిచేయవలెను. పేరు తరువాత తేదీ, తేదీ తరువాత సెల్ నంబరు అని గంతులు వేసినచో నింపువాడు విసిగి తప్పు గడిలో వ్రాయును.

సంచిలోని చీటీ

మట్టి నమూనా ఫారమునకు క్రింద ఒక చిన్న చీటీ యుండును. దానిని చించి సంచిలో వేయుదుము. పేరు, నంబరు, తేదీ ఇందులో తిరిగి వ్రాయవలెను. ఫారములో 71, చీటీలో 11 అను తప్పులు పుట్టునది ఇచ్చటనే. పైన వ్రాసినదే క్రింద దానంతట అది పడునట్లు చేయవచ్చును. పిడిఎఫ్‌లో ఒకే పేరు గల రెండు గడులకు జవాబు ఒకటే. కావున పైన సర్వే నంబరు గడికి ఏ పేరు పెట్టితిమో, చీటీలోని గడికి గూడ అక్షరము తేడా లేకుండ అదే పేరు పెట్టవలెను. పిడిఎఫ్ చేయునప్పుడు అలౌ డూప్లికేట్ ఫీల్డ్ నేమ్స్ అను దానికి టిక్కు పెట్టవలెను. అయితే తెరచు సాఫ్టువేరును బట్టి కొన్నిచోట్ల ఇది పనిచేయకపోవచ్చును. కావున మీ కంప్యూటరులో నింపి చూచి, క్రింది గడి మారుచున్నదని కన్నులార చూచిన తరువాతనే నమ్మవలెను.

పిడిఎఫ్‌గా మార్చుట

అన్ని గడులు పెట్టిన తరువాత డిజైన్ మోడ్‌ను తీసివేసి, ఒకసారి నింపి చూచి, ఆ జవాబులను చెరిపి, ఫైలును భద్రపరచవలెను. తరువాత ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ యాజ్, అందులో ఎక్స్‌పోర్ట్ యాజ్ పిడిఎఫ్ అను దానిని నొక్కవలెను. తెరచుకొను పెట్టెలో క్రియేట్ పిడిఎఫ్ ఫారం అనుచోట టిక్కు ఉన్నదో లేదో చూడవలెను. ఈ ఒక్క టిక్కు లేనిచో గడులన్నియు బొమ్మలుగా మిగులును, టైపు పడదు. రైటర్ ఫైలును మాత్రము జాగ్రత్తగా దాచుకొనవలెను. రేపు ఒక ప్రశ్న మార్చవలసి వచ్చినచో దానిలోనే మార్చి, మరల పిడిఎఫ్ చేయవలెను. పిడిఎఫ్ పంట అయినచో రైటర్ ఫైలు విత్తనము. పంటను పంచి విత్తనమును దాచుకొనవలెను.

వర్డు వాడువారికి

మైక్రోసాఫ్ట్ వర్డులో గూడ గడులు పెట్టవచ్చును. ఫైల్, ఆప్షన్స్, కస్టమైజ్ రిబ్బన్‌లో డెవలపర్ అను దానికి టిక్కు పెట్టినచో ఆ పేరుతో ఒక ట్యాబ్ కనబడును. అందు వ్రాయు గడులు, టిక్కు గడులు, తేదీ గడులు కలవు. తరువాత రిస్ట్రిక్ట్ ఎడిటింగ్‌లో ఫిల్లింగ్ ఇన్ ఫారమ్స్ అను దానిని ఎంచినచో గడులు తప్ప మిగిలినది ఎవరును మార్చలేరు. కాని దానిని వర్డు నుండియే పిడిఎఫ్‌గా భద్రపరచినచో ఈ గడులు నింపుటకు పనికిరావు, మామూలు అచ్చుగా మారిపోవును. చాలమంది ఇచ్చటనే మోసపోవుచున్నారు. కావున వర్డు ఫారమును వర్డు ఫైలుగనే పంపవలెను. పిడిఎఫ్ కావలసినచో ఫారమును రైటర్‌లో తెరచి, పైన చెప్పినట్లు అందులోనే గడులు పెట్టవలెను.

నలుగురి చేత పరీక్షింపజేయుట

కొత్త వంగడమును ఒక్కసారిగా ఊరంతయు వేయము కదా. మొదట ఒక మడిలో వేసి చూతుము. ఫారమును గూడ అట్లే చిన్న మోతాదులో పరీక్షింపవలెను. తయారు చేసినవాడు తప్ప మరి నలుగురు దానిని నింపవలెను. వారిలో ఒకరైనను కంప్యూటరుకు కొత్తవారై యుండవలెను. వారు నింపుచుండగా ప్రక్కన కూర్చుండి, ఏమియు చెప్పక, చూచుచుండవలెను. వారు ఎక్కడ ఆగిరో అక్కడ ప్రశ్న సరిగా లేదని అర్థము.

మా ఫారమును మొదట నింపినవారు "గత పంట" అనుచోట ఆగిరి. గత ఖరీఫుదా, గత రబీదా అని వారి సందేహము. మేము "మట్టి తీయుటకు ముందు చివరగా కోసిన పంట" అని మార్చితిమి. తరువాత ఎవరును ఆగలేదు. గడులు పెట్టుటలో మేము ఎంత నేర్చుకొంటిమో, ఈ పరీక్షలో అంతకు రెట్టింపు నేర్చుకొంటిమి.

నింపిన పత్రమును భద్రపరచి, మూసి, మరల తెరచి, జవాబులు నిలిచియున్నవో లేవో చూడవలెను. ఒకసారి ప్రింటు తీసి, గడులలోని అంకెలు కాగితముపై స్పష్టముగా పడుచున్నవో చూడవలెను. కంప్యూటరులో ఫైర్‌ఫాక్స్, క్రోమ్ వంటి బ్రౌజర్లలో గూడ ఈ పత్రములను తెరచి నింపవచ్చును. సెల్‌ఫోనులో మాత్రము వాట్సాప్‌లో వచ్చిన పిడిఎఫ్‌ను అక్కడికక్కడే తెరచినచో గడులు నింపుటకు వీలుకాకపోవచ్చును. దానిని ఫోనులో దించుకొని, అడోబి రీడర్ వంటి యాప్‌లో తెరువవలెను.

పంపునప్పుడు, దాచునప్పుడు జాగ్రత్తలు

ఖాళీ ఫారమును ఎందరికైనను పంపవచ్చును. నింపిన ఫారమును మాత్రము సంబంధించినవారికి తప్ప పంపరాదు. ఊరి వాట్సాప్ గ్రూపులో నింపిన ఫారములను పెట్టుట బొత్తిగా కూడదు. రైతు సెల్ నంబరు, భూమి వివరములు అతని సొత్తు. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణకై 2023లో పార్లమెంటు చట్టము చేసినది. చట్టము సంగతి అట్లుండగా, నమ్మి చెప్పినవాని వివరములను కాపాడుట మన ధర్మము.

ఫైలు పేరును తేదీతోను, నంబరుతోను ఉంచినచో వెదకుట తేలిక. ఫైలు పేరులో ఏటవాలు గీతను కంప్యూటరు అంగీకరింపదు గనుక 71/2 అనుటకు బదులు 71-2 అని వ్రాయవలెను. "కొత్తది", "కొత్తది 2", "చివరిది" అను పేర్లు పెట్టినచో పది రోజులలో మనమే తికమకపడుదుము.

సంతకము విషయము వేరు. ఫారములో పేరు టైపు చేసినంత మాత్రమున అది సంతకము కాదు. సంతకము అవసరమైన ఫారములకు క్రింద ఖాళీ చోటు విడిచి, ప్రింటు తీసిన తరువాత రైతు చేత సంతకము గాని, వేలిముద్ర గాని తీసికొనవలెను.

అన్నిటికంటె ముఖ్యమైనది, కంప్యూటరు లేదను కారణముచే ఏ రైతును వెనుకకు పంపరాదు. ఇదే పత్రమును ఖాళీగా ప్రింటు తీసినచో చక్కని చేతివ్రాత ఫారము కూడ అగును. అంకెకొక గడి చొప్పున గీతలు గీసిన ప్రతులను కొన్నింటిని కేంద్రములో ఎల్లప్పుడు ఉంచవలెను.

రైతులు గమనింపవలసినవి

రైతు సోదరులారా, ఫారమును మీరు స్వయముగా నింపినను, ఉద్యోగి మీ తరపున నింపినను, పాస్‌బుక్కును ఎదుట పెట్టుకొనుడు. జ్ఞాపకముపై నంబరు చెప్పకుడు. నింపిన తరువాత ఒక్క నిమిషము ఆగి, నంబరును, విస్తీర్ణమును, సెల్ నంబరును ఉద్యోగి చేత బిగ్గరగా చదివించుకొనుడు. చదువు రానివారు గూడ వినగలరు కదా. ఇట్లు అడుగుట మర్యాద తప్పుట కాదు. అది మీ హక్కు, మాకు మేలు. సంచిలో వేయు చీటీలోని నంబరును ఫారములోని నంబరుతో సరిచూచిన తరువాతనే సంచి మూతి కట్టుడు. కార్డు వచ్చినప్పుడు గూడ ఎరువు కొనుటకు ముందు దానిపై నున్న నంబరు మీదియా కాదా అని చూచుకొనుడు. మా ఊరి ఎర్ర నేల రైతు అట్లు చూచుకొని యున్నచో నా తప్పు అక్కడనే ఆగెడిది.

గ్రామ ఉద్యోగులకు నా మనవి ఒక్కటే. ఈ పని కష్టమైనది కాదు. రైటర్ అలవాటు ఉన్నవారికి ఒక పుట ఫారమునకు ఒక పూట చాలును. అందులో గడులు పెట్టుటకు పట్టు కాలము స్వల్పము. ఏమి అడుగవలెను, ఏ కొలతలో అడుగవలెను, ఏమి అడుగరాదు అని ఆలోచించుటకే ఎక్కువ కాలము వెచ్చించుడు. యంత్రము చేతివ్రాత తప్పును తీర్చగలదు గాని, ప్రశ్నలోని తప్పును తీర్చలేదు. వచ్చే నమూనాల సేకరణకు ముందే మీ కేంద్రములోని ఒక ఫారమును ఎంచి, ఈ పద్ధతిలో మార్చి చూడుడు. మట్టి సంచికి, దాని కాగితమునకు మధ్య పొరపాటుకు చోటు లేకుండ చేసినచో, రైతు పెట్టు ఖర్చు అతని పొలమునకే చేరును.